కేరళ బండి కిటికీలో ఆరేసిన మేజోళ్ళు

నడికుడి జంక్షన్‌లో ఎండాకాలం చివరికొస్తే ఒక మనిషి రోజూ పొద్దున్నే కనిపిస్తాడు. ఆయన ఏ బండీ ఎక్కడు, ఎవర్నీ దింపుకుపోవడానికీ రాడు. తెల్ల పంచె, రైల్వేవాళ్ళు ఎప్పుడో ఇచ్చిన నీలం చొక్కా, భుజాన తువ్వాలు. కేరళ నుంచి వచ్చే బండి ఆగీ ఆగగానే ఇంజను దగ్గర్నుంచి చివరి పెట్టె దాకా ఒక్కో కిటికీనీ పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలాగా పరీక్షగా చూసుకుంటూ నడుస్తాడు. పేరు బసవపున్నయ్య. ఆ చుట్టుపక్కల పట్టాల మీదే గ్యాంగ్‌మన్‌గా చేరి అక్కడే రిటైరైనవాడు కాబట్టి, నీకిక్కడ ఏం పని అని అడిగే ధైర్యం స్టేషన్‌లో ఎవరికీ లేదు.

ఇంతకీ ఆయన చూసేది మేజోళ్ళను. కేరళలో వాన పట్టుకుంటే అక్కడ బండెక్కేవాళ్ళు తడిసి ఎక్కుతారు. కాసేపటికి తలలు ఆరిపోతాయి, చొక్కాలు ఆరిపోతాయి. బండి పైకప్పయితే గూడూరు చేరేలోపే ఎండిపోయి దుమ్ము పట్టి ఉంటుంది. ఓ పట్టాన ఆరనివి మేజోళ్ళే. అవి మర్నాటికీ తడి వదలక, కిటికీ ఊచలకు వేలాడుతూ నడికుడి దాకా ప్రయాణం చేస్తాయి. ఒకటీ అరా కనిపిస్తే ఎవరో నీళ్ళు ఒలకబోసుకున్నారులే అని వదిలేస్తాడు. పెట్టె పెట్టెకూ వేలాడుతుంటే మాత్రం ఆయన ముఖం చూడాలి. అంత నవ్వు ఆయన పెళ్ళి ఫోటోలో కూడా లేదని భార్య హనుమాయమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఏసీ పెట్టెలంటే ఆయనకు చిన్నచూపు. వాటి కిటికీలు తెరుచుకోవు, లోపలి సమాచారం బయటికి రాదు.

ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాడ్చే ఎండలో, ఒక మలయాళీ పెద్దాయన ప్లాట్‌ఫారం మీదికి దిగి గొడుగు విప్పి ఎండలో ఆరబెట్టాడు. ఎండకు గొడుగు పట్టుకునేవాళ్ళను చూశాడు గానీ గొడుక్కే ఎండ పెట్టేవాణ్ణి బసవపున్నయ్య అదే చూడ్డం. అడిగితే, మా ఊళ్ళో కుండపోత అని సైగలు చేసి చెప్పాడట. వారం పది రోజుల్లో నడికుడిలో వాన దంచి కొట్టింది. మరుసటి ఏడాది కూడా సరిగ్గా అలాగే జరిగింది. ఇక మూడో ఏడాదికి బసవపున్నయ్య ఆగలేకపోయాడు. స్టేషన్ బయట వెంకట్రామయ్య టీ కొట్టు దగ్గర నిలబడి, వాన బయల్దేరింది, వారంలో మనూళ్ళో దిగుతుంది అని ప్రకటించాడు. దిగింది. ఆ రోజు నుంచీ ఆయన వాన బసవయ్య అయిపోయాడు.

చెప్పింది చెప్పినట్టు జరగని ఏళ్ళు లేకపోలేదు. అలాంటప్పుడు ఆయన దగ్గర సమాధానాలు తయారుగా ఉండేవి. కేరళ నుంచి బయల్దేరిన మాట నిజమే, దారిలో రాయలసీమవాళ్ళు ఆపుకున్నారు అనేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు, నవ్వాక నమ్మేవాళ్ళు కూడా. పత్తి పెట్టాలన్నా, మిరపనారు పోయాలన్నా చానామంది దారిలో ఆపి, ఏం బసవన్నా, మేజోళ్ళు వచ్చినాయా అని అడగటం ఊళ్ళో ఒక ఆనవాయితీ అయింది. నలభై ఏళ్ళు పట్టాల మీద సుత్తి మోసినా రాని గౌరవం ఆ ఒక్క ప్రశ్నలో ఆయనకు దొరికేది. మనిషన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా, ఆయనకు అది ఉంది.

ఆ ఏడు మే నెల విచిత్రంగా గడిచింది. పల్నాడులో మే అంటే నాపరాయి మీద కాలు పెడితే బొబ్బ లేవాలి. అలాంటిది రోజు మార్చి రోజు మబ్బులు, సాయంత్రాలు గాలి దుమారం, నాలుగు చినుకులు. రోహిణి కార్తె మొదలయ్యే రోజుల్లో కూడా జనం ఆరుబయట దుప్పటి కప్పుకుని పడుకున్నారు. దేవుడు ఈసారి మన మీద దయ చూపాడని అందరికన్నా ఎక్కువగా చెప్పుకు తిరిగింది బసవపున్నయ్యే. టీవీలో ఉత్తరాదిన కూడా ఎండలు లేవని, ఢిల్లీలో వడగళ్ళు పడ్డాయని చూపిస్తుంటే, ముసలాళ్ళు హాయిగా బతుకుతున్నారని సంతోషపడ్డాడు.

అంతలో, ఇంకా మే నెల పోకముందే, కేరళ బండి మేజోళ్ళతో దిగింది. ఒకటి రెండు కాదు. ఒక పెట్టెలో అయితే ఊచలు చాలక తాడు కట్టి మరీ ఆరేశారు. బసవపున్నయ్య టీ కొట్టుకు నడిచాడనేకంటే ఎగిరాడనాలి. తన జీవితంలో ఇంత ముందుగా వాన రావడం ఇదే మొదలని, ఈసారి దుక్కి దున్నుకున్నవాడే రాజని ప్రకటించాడు. వెంకట్రామయ్య ఆ పూట ఆయనకు రెండో టీ ఊరికే పోశాడు. రెండు రోజులు తిరక్కుండానే నడికుడిలో కూడా మధ్యాహ్నం వేళ మబ్బు పట్టి చక్కటి వాన కురిసింది. చెప్పాడంటే చెప్పాడే అని జనం బసవపున్నయ్యను మెచ్చుకున్నారు.

ఊళ్ళో ఎక్కువమందికి ఇంకా దుక్కులే కాలేదు. కాలవ కిందా బోర్ల కిందా ఉన్నవాళ్ళకు అంత తొందరా లేదు. బసవపున్నయ్యకు మాత్రం రెండెకరాల మెట్ట చేను ఉంది. బోరు లేదు, కాలవ రాదు, పైనుంచి పడిందే నీరు. నా మాట మీద నేనే ముందు నిలబడాలని మర్నాడే చేలో గీతలు పడేట్టు అచ్చు తోలించి, కూలి ఆడవాళ్ళను పిలిపించి పత్తి విత్తనాలు పెట్టించేశాడు. గట్టు మీద నిలబడి తనే కొబ్బరికాయ కొట్టాడు. వచ్చిపోయేవాళ్ళకు ముక్కలు పంచాడు.

ఆ చేను గట్టుకు అవతల ఖాతూన్ బీ చేను. చేనంటే సొంతం కాదు, కౌలు. పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఒకళ్ళ మిరప తోటల్లో కాయలు కోసిన మనిషి. భర్త మాచర్లలో లారీలకు పంక్చర్లు వేస్తాడు. ఒక్క పంటయినా నా పేరు మీద పండించి చూడాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఈ ఏడు ఎలాగో ఆ ఎర్రనేల కౌలుకు దొరికింది. మిరప కోతల కూలి అంతా పెట్టి విత్తనం కొనుక్కుంది. అది ఒక్కసారికే వస్తుంది. మొలవకపోతే మళ్ళీ కొనే దారి లేదు, కౌలు మాత్రం కట్టక తప్పదు, మళ్ళీ కూలికే పోవాలి. ఆమె ఆ సంగతి ఎవరికీ దాచలేదు. బసవపున్నయ్యకు కూడా చెప్పింది. చెప్పి, పెట్టమంటావా అన్నా అని అడిగింది. కళ్ళు మూసుకుని పెట్టెయ్ అన్నాడాయన. తన చేలో పెట్టిన ఆడవాళ్ళే ఎల్లుండి ఆమె చేలోకి వచ్చేట్టు మాట కూడా తనే కుదిర్చాడు.

ఇక మిగిలింది ఒక్క పని. రైతు సేవా కేంద్రంలో ధరణి అనే అమ్మాయి ఉంది. వ్యవసాయం చదివి ఆ ఊరికి వచ్చి రెండేళ్ళయింది. జూన్ రెండో వారం దాకా ఆగి, అప్పుడు వానలు చూసుకుని విత్తుకోండి అని ఆ అమ్మాయి గోడకు కాగితం అంటించింది. ఆ కాగితం మీద చర్చ పెట్టకుండా బసవపున్నయ్యకు అన్నం సయించేట్టు లేదు. తన చేలో విత్తనం పెట్టించిన మర్నాడు వెళ్ళి, ఏం ధరణమ్మా, మీ ఫోన్లకన్నా మా మేజోళ్ళే నయమా కాదా అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ధరణి నవ్వింది, ఆయనకు మంచినీళ్ళిచ్చింది, తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. వాన తనంతట తాను నడిచి రాదట, దాన్ని నేల లాక్కోవాలట. నేల తొందరగా కాగుతుంది, సముద్రం నిదానంగా కాగుతుంది. ఎండాకాలమంతా ఉత్తరాన రాజస్థాన్ వైపు నేల పెనంలా కాగితే, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి తేమను మోసుకుని పరుగెత్తుకొస్తుంది. నేలకూ సముద్రానికీ వేడిలో తేడా ఎంత ఎక్కువైతే ఆ లాగుడు అంత గట్టిగా ఉంటుంది. ఈ ఏడు అదే లేదంది ధరణి. మే అంతా మబ్బులతో నేల చల్లగా ఉండిపోయింది, సముద్రమేమో మామూలుకన్నా వెచ్చగా ఉంది, ఇక తేడా ఎక్కడిది? మరి కేరళలో వాన ఎట్లా పడిందంటే, అరేబియా సముద్రంలో ఒక వాయుగుండం లేచి ముందుగానే తోసిందట. అది తగ్గిపోయింది కాబట్టి వెనకాల వచ్చేది ఏమీ లేదట.

"మళ్ళీ ఎప్పుడు వచ్చిద్దో నేనూ చెప్పలేను బాబాయ్. కొన్నాళ్ళు మాత్రం రాదు. మెట్ట చేలల్లో ఇప్పుడు విత్తనాలు పెడితే మొలిచి మాడిపోతాయి," అంది.

బసవపున్నయ్య కోపం పట్టలేకపోయాడు. దేవుడు చల్లగా చూస్తే దాన్ని కూడా తప్పంటారా మీరు అన్నాడు. ఎప్పుడు వచ్చేదీ చెప్పలేనిదానికి చదువెందుకు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నందుకు ఇంటి దారిలోనే సిగ్గుపడ్డాడు గానీ వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

ఇంట్లో హనుమాయమ్మ వడియాలు ఎత్తుతోంది. జరిగింది చెప్పి, నేల కాగడమేంది, సముద్రం కాగకపోవడమేంది, రెంటికీ ఎండ ఒకటే కదా, వినేవాళ్ళుంటే ఎన్నయినా చెబుతారు అని విసుక్కున్నాడు. ఆమె చేతిలో పని ఆపకుండానే సూర్యలంక మర్చిపోయావా అంది. పెళ్ళయిన కొత్తలో రైల్వే పాసు మీద బాపట్ల వెళ్ళి, మిట్టమధ్యాహ్నం సముద్రం చూడబోయారు. చెప్పులు ఇసుకలో కూరుకుపోతున్నాయని ఆమె విప్పి చేత పట్టుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, కాళ్ళు కాలి, కొత్త పట్టుచీరతో అందరి ముందూ గెంతుతూ పరుగెత్తి నీళ్ళలో పడింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పొద్దుగూకాక తిరిగొస్తుంటే ఇసుక హాయిగా ఉంది, నీళ్ళే గోరువెచ్చగా ఉన్నాయి. అంత గెంతించి కూడా ఏమీ నేర్చుకోలేదా నువ్వు అని హనుమాయమ్మ వడియాల చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయనకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఒక అనుమానం కూడా వచ్చింది. మంచం మీద వాలినా ఆ అనుమానం వదల్లేదు. తోపుడు, లాగుడు అన్న మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. ఆ రెంటి తేడా ఆయనకు తెలిసినంతగా ధరణికి కూడా తెలియదు. యార్డులో షంటింగ్ ఇంజను వెనక నుంచి పెట్టెలను ఒక తోపు తోసి ఆగిపోతుంది. పెట్టెలు జోరుగానే పోతాయి. చూసేవాళ్ళు బండి బయల్దేరిందనుకుంటారు. కాస్త దూరం పోయి, ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. మళ్ళీ ముందు ఇంజను తగిలించి లాగితేనే ప్రయాణం. అంటే ఈసారి మేజోళ్ళు చెప్పింది అబద్ధం కాదు, అది షంటింగ్ కబురు. ముందు లాగే ఇంజను ఉందో లేదో తను చూడలేదు. చల్లగా ఉందని మెచ్చుకుంటూ నెలంతా దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు, ఆ చల్లదనమే ఇంజను లేదని చెబుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

తన రెండెకరాలు పోతే పోయింది. తెల్లారితే మాత్రం ఖాతూన్ బీ చేలో విత్తనం పడుతుంది. ఆ రాత్రే వెళ్ళి చెప్పవచ్చు. వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే వెళ్ళాలనిపించలేదు. తెల్లారి ఊరంతా ఏమనుకుంటుందన్న భయమే ఎక్కువగా ఉంది. తెల్లారాక ఆడవాళ్ళు కూనిరాగాలు తీస్తూ వీధిలో చేలకు బయల్దేరడం విన్నాక, ఇక పడుకోలేక చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళ వెనకే పరుగెత్తాడు.

చేలో అప్పటికే ఆడవాళ్ళు కొంగుల్లో విత్తనాలు పోసుకుని అచ్చు గీతల మీద వరసగా నిలబడ్డారు. ఖాతూన్ బీ కొత్త చీర కట్టుకుంది. ఆయన్ను చూసి, కొబ్బరికాయ నీ చేత్తోనే కొట్టిద్దామనుకుంటున్నా అన్నా, నువ్వే వచ్చావు అంది. పక్క చేలవాళ్ళు కూడా గట్ల మీద నిలబడి చూస్తున్నారు.

"పెట్టొద్దమ్మాయ్," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. నువ్వే కదన్నా కళ్ళు మూసుకుని పెట్టమంది అని ఖాతూన్ బీ అడిగింది. అవునన్నాడు. మరి వాన ఎప్పుడు వస్తదంది. వాన బసవయ్య అన్న పేరు వచ్చాక ఆ ప్రశ్నకు ఆయన ఎన్నడూ తడుముకోలేదు.

"నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పా, తప్పయింది. నా చేలో విత్తనం పోతే నాకు పింఛను ఉంది. నీకేముందమ్మా? ఆగు," అన్నాడు.

గట్టు మీద ఎవరో నవ్వారు. వాన బసవయ్యకు జలుబు చేసిందిరా అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఖాతూన్ బీకి కోపం వచ్చింది, అది దాచుకోనూ లేదు. తర్వాత కొంగులోని విత్తనాలను జాగ్రత్తగా మళ్ళీ సంచిలో పోసింది. ఎలాగూ కూలికి వచ్చారు కదా అని ఆడవాళ్ళను చేలో రాళ్ళు ఏరడానికి పెట్టింది. బసవపున్నయ్య కూడా తువ్వాలు నడుముకు చుట్టి మధ్యాహ్నం దాకా రాళ్ళు ఏరాడు. ఆమె ఆయనతో మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం ముద్ద మాత్రం పెట్టింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. బసవపున్నయ్య చేను మొలిచింది. ఎర్రటి నేల మీద రెండేసి లేతాకులతో బారులు తీరి, దారిన పోయేవాడు ఆగి చూసేంత ముచ్చటగా మొలిచింది. గట్టుకు ఇవతల పచ్చదనం, అవతల ఖాతూన్ బీ బోడి నేల. నీ చేను మాత్రం పెట్టుకుని ఆమెను ఆపావేంది బసవన్నా, మనసులో ఏముంది అని ఒకరిద్దరు నవ్వుతూనే అడిగారు. ఖాతూన్ బీ మాత్రం పొద్దున్నే వచ్చి, గట్టు మీద కూర్చుని, ఆ మొలకలను చూసి వెళ్ళిపోయేది. ఆ చూపు తట్టుకోవడం ఆయనకు చానా కష్టమయ్యేది.

ఇటు చూస్తే ఇంట్లో ఇంకో తంటా. పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడితే ఏం కోరుకోవాలో తేలేది కాదు. వాన రావాలని కోరుకుంటే తన మొలకలు బతుకుతాయి. కానీ ఖాతూన్ బీకి అదను పోయేట్టు చేసినవాడవుతాడు. రాకూడదని కోరుకుంటే తను చెప్పింది నిజమవుతుంది, కళ్ళ ముందు తన పచ్చటి చేను మాడిపోతుంది. దణ్ణం పెట్టడానికి చేతులెత్తి అలాగే ఆలోచిస్తూ నిలబడ్డ మొగుణ్ణి చూసి హనుమాయమ్మకు నవ్వుతో పొట్ట చెక్కలయ్యేది. ఏం కావాలో తేల్చుకున్నాక పిలువు, దేవుడికి నేను చెబుతాలే అని దీపం సర్దుకుని పోయేది.

దేవుడు ఆయన తేల్చుకునేదాకా ఆగలేదు. మబ్బులు విడిపోయాయి. పడమటి గాలి లేచింది. మే నెలంతా దాక్కున్న ఎండ జూన్‌లో వడ్డీతో సహా బయటికొచ్చింది. మృగశిర కార్తె వచ్చినా నేల సెగలు కక్కింది. మొలకలు ముందు తలలు వాల్చాయి, తర్వాత అంచులు మాడి, ఒకరోజు పొద్దుటికి బూడిద రంగుకు తిరిగాయి. బసవపున్నయ్య చేలో కూర్చుని ఒక మొలకను పీకి చూసుకున్నాడు. వేరు దారంలా ఎండిపోయి ఉంది. బాధ కలిగింది. ఎంతయినా తన విత్తనం, తన నేల. లేచి చూస్తే గట్టు మీద ఖాతూన్ బీ నిలబడి ఉంది. పోయిందా అన్నా అంది. పోయిందమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ ఆయనతో మాట్లాడింది.

ఇక ఎండ ముదిరేకొద్దీ ఊరు తిట్టుకుంటుంటే బసవపున్నయ్య ఒక్కడే హుషారుగా తిరిగాడు. టీవీలో రాజస్థాన్‌లో జనం నెత్తిన తడిగుడ్డలు వేసుకున్నది చూపిస్తే, ఇంజను కాగుతోంది అని మంచం మీద లేచి కూర్చునేవాడు. ఎవరైనా ఉక్కపోత అంటే, పోయనీ, గట్టిగా లాగాలంటే కాగాలి మరి అనేవాడు. సాయంత్రమైతే రైతు సేవా కేంద్రానికి వెళ్ళి, ఇంతకుముందు అన్న మాటకు ధరణికి క్షమాపణ చెప్పకుండా, దానికి బదులు తాటిముంజెలు ఇచ్చి, సముద్రం ఎట్లా ఉందమ్మా అని అడిగేవాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం పడుతోందని, నేలకూ సముద్రానికీ తేడా పెరిగిందని, ఇప్పుడు కదలవచ్చని ఒక సాయంత్రం ఆ అమ్మాయి చెప్పింది. రెండు మంచి వానలు పడి, జానెడు లోతు తడిస్తేనే విత్తనం పెట్టమని కూడా చెప్పింది. బసవపున్నయ్య ఆ మాటను గట్టిగా గుర్తుంచుకున్నాడు, వెంకట్రామయ్య టీ కొట్టు దగ్గర మాత్రం నోరు మెదపలేదు. ఆయన నోరు మెదపకపోవడమే ఆ కొట్టు దగ్గర ఆ వారం పెద్ద కబురైంది.

వాన మధ్యాహ్నాల దుమారంతో రాలేదు. తెల్లవారకముందే, గాలీ ఉరుమూ లేకుండా, పనికి వచ్చిన మనిషిలా వచ్చి కురవడం మొదలుపెట్టింది. ఆ రోజంతా కురిసింది. ఒక రోజు తెరిపి ఇచ్చి మళ్ళీ కురిసింది. మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర పదిమంది గుమిగూడి ఉండగా ఖాతూన్ బీ వచ్చింది. అందరి ముందే నిలబడి పెట్టమంటావా అన్నా అని అడిగింది. అందరూ ఆయన ముఖం వైపు తిరిగారు. ఇంత జరిగినా మళ్ళీ ఆయన్నే అడిగింది చూడండి, ఆయనకు లోపల ఎంత పొంగిందో. పెట్టెయ్ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకు తెలీదమ్మాయ్. జానెడు లోతు తడవాలంట. తవ్వి చూద్దాం పద."

ఇద్దరూ చేనుకు వెళ్ళారు. వెనకాల హనుమాయమ్మ గొడుగేసుకుని, ఆమె వెనక కూలి ఆడవాళ్ళు. చేలో మధ్యకు పోయి ఆయన గునపంతో గుంట తీశాడు. ఖాతూన్ బీ మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టింది. జాన దాటినా తడే. పిడికిట్లో మట్టి తీసి నొక్కితే ముద్ద అయింది. ఆ ముద్దను ఆయన చేతిలో పెట్టి, గుంట అంచునే కూర్చుండిపోయింది.

"నువ్వు వచ్చిద్దన్నప్పుడల్లా సగమే నమ్మేదాన్ని అన్నా. ఆ రోజు నలుగురిలో తెలీదన్నావు చూడు, అప్పట్నుంచి పూర్తిగా నమ్ముతున్నా," అంది.

బసవపున్నయ్యకు కళ్ళు చెమర్చాయి. వాన పడుతోంది కాబట్టి ఎవరికీ కనపడలేదనుకున్నాడు. హనుమాయమ్మకు కనపడింది. ఖాతూన్ బీ సంచి విప్పి మొదటి విత్తనాలు ఆయన చేతిలో పోయబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా చెయ్యి మంచిది కాదమ్మా, నా చేను చూశావుగా అన్నాడు.

"చెయ్యేం చేసిద్ది అన్నా, నేల కాగకపోతే," అంది ఖాతూన్ బీ.

ఆడవాళ్ళందరూ ఫక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వి, పంచె ఎగగట్టి, విత్తనాలు తువ్వాల్లో పోసుకుని, వాళ్ళతో పాటు వరసలో నిలబడ్డాడు. మగవాళ్ళు పత్తి విత్తనం పెట్టడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. వేలితో గుంట చేసి, విత్తనం వేసి, మట్టి కప్పి, మళ్ళీ ఒక అడుగు. అరవై దాటిన నడుం రెండో అడుగుకే పట్టేసింది. హనుమాయమ్మ గట్టు మీద నుంచి లేచి నిలబడవయ్యా అని అరిచింది. సాలు చివరిదాకా ఆయన నడుం ఎత్తలేదు.